తెలుగు క్రైస్తవ రచనలో దైవసాన్నిధ్యం: ఒక విమర్శనాత్మక పరిశీలన

7.0 ఉద్దేశ్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• దైవసాన్నిధ్యాన్ని చెప్పడానికి తెలుగు క్రైస్తవులు వాడే ముఖ్యమైన మాటలను వివరించగలుగుతారు.
• కీర్తన రూపానికీ ఎడతెగని భక్తికీ ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• పురుషోత్తమ చౌదరి కీర్తనలనూ జాషువ ‘గబ్బిలం’ కావ్యాన్నీ ఈ దృష్టితో పోల్చి చూడగలుగుతారు.
• ఒక భక్తిరచనను విలువ కట్టడానికి కొన్ని ప్రశ్నలను మీరే వేసుకోగలుగుతారు.

7.1 పరిచయం

దేవునితో ఎల్లప్పుడూ, హృదయమంతటితో, దగ్గరగా జీవించాలన్నది క్రైస్తవ విశ్వాసంలో ప్రధానమైన ఆదర్శం. ఆదివారం ఉదయం చర్చిలో రెండు గంటలు గడిపి, మిగిలిన వారమంతా మరచిపోయే సంబంధం కాదు ఇది. లేచినా, పనిచేసినా, తిన్నా, పడుకున్నా దేవుడు పక్కనే ఉన్నాడన్న ఎరుకతో బతకడం.

ఈ ఆదర్శాన్ని ప్రకటించడం తేలిక. రచనలో చూపడం కష్టం. ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. హైదరాబాదులోని అమీర్‌పేట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మైత్రీవనం చుట్టూ కంప్యూటరు కోర్సుల శిక్షణ సంస్థలు, వెనుక వీధుల్లో హాస్టళ్లు. మెట్రోలో మియాపూర్–ఎల్.బి.నగర్ మార్గమూ నాగోలు–రాయదుర్గం మార్గమూ కలిసేది అక్కడే. తరువాతి స్టేషన్ పంజాగుట్ట. అక్కడ నిమ్స్ ఆసుపత్రి ఉంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సును ఊహించుకోండి. ఆమె విశ్వాసి. రాత్రి పది నుంచి ఉదయం వరకు మంచానికీ మంచానికీ మధ్య నడుస్తూనే ఉంటుంది. కళ్లు మూసుకుని ప్రార్థించే తీరిక ఆమెకు లేదు. ‘ఎల్లప్పుడూ దేవుని సన్నిధిలో’ అని ఆమె పాడుకునే పాటకు ఆ పన్నెండు గంటల్లో అర్థం ఏమిటి?

ఈ భాగంలో మన విమర్శకు ఆధారం ఈ ప్రశ్నే. దీన్ని మూడుగా విడదీద్దాం.

(అ) ‘ఎల్లప్పుడూ’ అన్న రచనలో మామూలు గంటకు, అంటే పని గంటకు, చోటుందా?
(ఆ) ‘హృదయమంతటితో’ అన్న రచనలో బాధకూ ఫిర్యాదుకూ చోటుందా, లేక హృదయంలోని మంచి సగమే కనిపిస్తోందా?
(ఇ) దేవునికి ‘దగ్గర’ అవుతున్నవాడు పక్కనున్న మనిషికి దగ్గరవుతున్నాడా, దూరమవుతున్నాడా?

ఈ మూడు ప్రశ్నలూ విశ్వాసులకే పరిమితం కావు. మీరు ఏ మతానికి చెందినా, ఏ మతమూ పాటించకపోయినా, ఒక భక్తిరచనను సాహిత్యంగా చదివేటప్పుడు ఇవి పనికివస్తాయి.

7.2 సాన్నిధ్యాన్ని చెప్పే మాటలు

తెలుగు బైబిలులోనూ కీర్తనల్లోనూ ఈ భావానికి ప్రధానంగా నాలుగు మాటలు కనిపిస్తాయి: సన్నిధి, సహవాసము, నిలిచియుండుట, నడచుట.

‘సన్నిధి’ మన గుడుల భాష. స్వామి సన్నిధి అంటే విగ్రహం ఎదుట నిలబడే చోటు. క్రైస్తవులు ఈ మాటను తీసుకుని, చోటుతో ఉన్న ముడిని సడలించారు. ‘సహవాసం’ లోకవ్యవహారంలోని మాట. కలిసి ఉండడం, స్నేహం అని అర్థం. ఎవరి సహవాసం ఎలాంటిదో చూసుకోమని పెద్దలు పిల్లలకు చెప్పేది ఈ మాటతోనే. యోహాను సువార్త 15వ అధ్యాయంలో ద్రాక్షావల్లికీ తీగెకూ ఉన్న సంబంధం ‘నిలిచియుండుట’. ఆదికాండము 5వ అధ్యాయంలో హనోకు కథ ‘నడచుట’. హనోకు గురించి బైబిలు చెప్పేది చాలా తక్కువ. అతడు కొడుకులనూ కూతుళ్లనూ కన్నాడు, దేవునితో నడిచాడు. సంసారమూ సాన్నిధ్యమూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయని గమనించండి.

ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవాలి. మన సంప్రదాయంలో ముక్తిని సాలోక్యం, సామీప్యం, సారూప్యం, సాయుజ్యం అని నాలుగు విధాలుగా చెబుతారు. చివరిదైన సాయుజ్యంలో జీవుడు దేవునిలో ఐక్యమవుతాడు. క్రైస్తవ భావన సామీప్యానికి దగ్గరగా ఉంటుంది. ఎంత దగ్గరైనా ఇద్దరూ ఇద్దరుగానే మిగులుతారు. అందువల్ల ఈ రచనల్లో ‘నేను’, ‘నీవు’ అనే రెండు సర్వనామాలు చివరిదాకా విడివిడిగా నిలుస్తాయి. సంభాషణ ఆగదు.

7.3 కీర్తన రూపం – పురుషోత్తమ చౌదరి

పురుషోత్తమ చౌదరి (1803–1890) గంజాం ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో బాప్తిస్మం పొంది, ఆ తరువాత జీవితమంతా ప్రచారకుడిగా గడిపాడు. ఆయన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే సంకలనంలో నేటికీ ప్రధాన స్థానంలో ఉన్నాయి. లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాలు అన్నింటిలోనూ అవి వినిపిస్తాయి. సంకలనంలో కీర్తనల తలపై రాగం, తాళం పేర్లు ముద్రించడం ఆనవాయితీ. పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించే పద్ధతి అప్పటికే ఉన్నా, చౌదరి మన పదకవుల దారినే పట్టాడు.

ఆయన కీర్తనల్లోని రాగాలనూ సంస్కృత పదాలనూ విమర్శకులు తరచుగా ప్రస్తావిస్తారు. మనం వాటి నిర్మాణాన్ని చూద్దాం. కీర్తనకు పల్లవి, చరణాలు ఉంటాయి. ఒక్కో చరణం ఒక్కో విషయం మీదికి వెళుతుంది. ఒకటి పాపం గురించి, ఒకటి సిలువ గురించి, ఒకటి మరణభయం గురించి. ప్రతి చరణం తరువాత పల్లవి తిరిగి వస్తుంది. ఊళ్లలో ఒకరు చరణం ఎత్తుకుంటే తక్కినవారంతా తాళాలతో పల్లవి అందుకుంటారు. చదువురాని వారికి చరణాలు సగం గుర్తున్నా పల్లవి పూర్తిగా గుర్తుంటుంది.

ఎడతెగని సాన్నిధ్యానికి ఈ నిర్మాణం సరిగ్గా సరిపోతుంది. మనిషి మనసు ఒకే చోట నిలవదు. అది పనిమీదికి, అప్పుమీదికి, పిల్లల మీదికి పోతుంది. ఎల్లప్పుడూ దేవునితో ఉండడమంటే మనసు అసలు కదలకపోవడమైతే, అది ఎవరికీ సాధ్యం కాదు. పోయిన ప్రతిసారీ తిరిగి రావడమైతే సాధ్యమే. కీర్తన ఆ తిరిగి రావడాన్ని నాలుకకు అలవాటు చేస్తుంది. పంజాగుట్ట ఆసుపత్రిలోని మన నర్సు రాత్రంతా కీర్తన మొత్తం పాడలేదు. ఒక మంచం దగ్గర సెలైన్ మార్చి ఇంకో మంచం దగ్గరికి వెళ్లేలోపు పల్లవి ఒక్కసారి మనసులో అనుకోగలదు.

అయితే మన మొదటి ప్రశ్నకు చౌదరి కీర్తనల రూపం ఇచ్చినంత బలమైన జవాబు వాటి వస్తువు ఇవ్వదు. వాటిలో ప్రధానంగా కనిపించేవి పాపం, పశ్చాత్తాపం, క్రీస్తు దయ, శరణాగతి. పొలం, కొలిమి, వంట, కూలి వంటివి అరుదు. పాటలోకి రాని పనిని పాడేవాళ్లే తెచ్చుకున్నారు. నాట్లు వేస్తూ పాడుకున్నప్పుడు కీర్తనలోకి పొలం వచ్చింది. ఇది రచయిత సాధించింది కాదు, పాడినవారు చేర్చింది.

7.4 వంటగదిలో సాధన – సహోదరుడు లారెన్స్

పోలిక కోసం ఒక ఫ్రెంచి రచనను చూద్దాం. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కార్మెలైటు మఠంలో లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. అసలు పేరు నికొలస్ హెర్మన్. యువకుడిగా సైన్యంలో పనిచేసి గాయపడ్డాడు, కుంటివాడయ్యాడు. మఠంలో ఆయనకు అప్పగించిన పని వంట. స్వభావరీత్యా ఆయనకు ఏమాత్రం నచ్చని పని అది. తరువాత చెప్పులు బాగుచేసే పని ఇచ్చారు. 1691లో మరణించాడు. ఆయన సంభాషణలనూ ఉత్తరాలనూ జోసెఫ్ ద బొఫోర్ అనే మతాధికారి సేకరించి ప్రచురించాడు. దైవసన్నిధి సాధన గురించిన ఆ చిన్న పుస్తకాన్ని కాథలిక్కులే కాక ప్రొటెస్టెంట్లు కూడా ఆదరించారు.

ఆ పుస్తకంలోని ముఖ్యమైన మాట ఒక్కటే. ప్రార్థన సమయం వేరు, పని సమయం వేరు కాదని లారెన్స్ అభిప్రాయం. వంటగది గందరగోళంలో కూడా తనకు అదే శాంతి దొరుకుతుందని ఆయన చెప్పాడు. ఒకసారి మఠానికి ద్రాక్షసారా కొనడానికి పడవ మీద వెళ్లవలసి వచ్చింది. కుంటికాలితో నడవలేక పీపాల మీద దొర్లుతూ కదిలాడట. ఆ పని కూడా దేవునిదేనని చెప్పుకుని పూర్తి చేశాడు.

ఈ పీపాల సంగతి మన మొదటి ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. సాన్నిధ్యం అనే పెద్ద భావం ఇక్కడ ఒక పడవలో, ఒక కుంటికాలి అవస్థలో కనిపిస్తుంది. చౌదరి కీర్తన తిరిగి రావడాన్ని నేర్పింది. లారెన్స్ సంభాషణలు ఎక్కడినుంచి తిరిగి రావాలో ఆ చోటును కూడా చూపించాయి.

లారెన్స్‌లోనూ ఒక లోటుంది. వంటగదికి తనను ఎవరు పంపారు, ఎందుకు పంపారు అని ఆయన అడగడు. నచ్చని పనిని ప్రేమతో చేయడం మఠంలో గొప్ప గుణం. కానీ ఆ పని తప్ప మరో పని చేయనివ్వని సమాజంలో పుట్టినవాడికి అదే మాట చెబితే ఎలా ఉంటుంది? ఇక్కడే మన రెండో ప్రశ్న మొదలవుతుంది.

7.5 దగ్గరితనంలో ఫిర్యాదు – రామదాసు, జాషువ

తెలుగు భక్తిసాహిత్యంలో దేవునితో చనువుకు ఒక గుర్తు ఉంది. అది తగవులాడే హక్కు. 17వ శతాబ్దంలో గోలకొండ చెరసాలలో ఉన్న రామదాసు రాముడికి చేయించిన నగల లెక్క అడుగుతాడు, కోపగించుకుంటాడు, వెంటనే క్షమించమంటాడు. పరాయివాడిని ఎవరూ అలా నిలదీయరు. బైబిలులోనూ ఈ గొంతు బలంగానే ఉంది. యోబు గ్రంథంలో, కీర్తనల గ్రంథంలోని విలాప కీర్తనల్లో భక్తులు దేవుణ్ణి ఎందుకు మరిచావని అడుగుతారు.

తెలుగు క్రైస్తవ కీర్తన రామదాసు దగ్గరనుంచి వేడుకోలును తీసుకుంది, తగవును దాదాపుగా వదిలేసింది. ఈ వదిలేయడం వల్ల కలిగిన నష్టం తెలియాలంటే ఆ కీర్తనలు పాడినవారెవరో గుర్తుచేసుకోవాలి. 1876–78 కరువు కాలంలో ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. విశ్రాంతి వేళల్లో ప్రచారకులు కూలీలతో కూర్చుని మాట్లాడేవారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావికీ గుడికీ దూరంగా నిలబెట్టబడిన మనుషులు వారు. ‘దగ్గరకు రా’ అన్న పిలుపు వారికి ఆధ్యాత్మికమైన ఉపమానంగా మాత్రమే వినిపించి ఉండదు. దూరం అంటే అడుగుల్లో కొలిచి చూపగలిగిన మనుషులకు దగ్గర అనే మాట బరువు వేరు.

ఈ బరువును పద్యంలోకి తెచ్చినవాడు గుర్రం జాషువ (1895–1971). వినుకొండలో పుట్టి క్రైస్తవ కుటుంబంలో పెరిగాడు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన విషయానికి మాత్రం 1941లో వెలువడిన ‘గబ్బిలం’ ఎక్కువ అవసరం. కాళిదాసు ‘మేఘసందేశం’లో యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపుతాడు. జాషువ కావ్యంలో ఒక అరుంధతీ సుతుడు తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. పూజారి లేని సమయం చూసి తన బాధ చెప్పమని కోరుతాడు.

కథానాయకుడు పిలిచింది శివుణ్ణి, క్రీస్తును కాదు. అయినా మన చర్చలో ఈ కావ్యానికి చోటివ్వడానికి కారణం ఉంది. దేవుడు దూరంగా లేడని ఆ మనిషికి తెలుసు. తెలియకపోతే కబురే పంపడు. దూరం మనుషులు కల్పించినది. కావ్యంలోని కోపం ఆ కల్పన మీద. హృదయమంతటితో దేవుని దగ్గరకు రావడమంటే కోపాన్నీ వెంట తెచ్చుకోవడమని ఈ కావ్యం చూపిస్తుంది. కీర్తన వదిలేసిన సగాన్ని జాషువ పద్యం తిరిగి తెచ్చింది.

‘క్రీస్తు చరిత్ర’ను ‘గబ్బిలం’తో పోల్చండి. మొదటిది క్రీస్తు గురించి చెబుతుంది. అక్కడ కవి కథకుడు, క్రీస్తు కథానాయకుడు. రెండోదానిలో ఒక మనిషి దేవునితో మాట్లాడాలని తపిస్తాడు. మొదటి కావ్యంలో క్రీస్తు పేరు ఎన్నోసార్లు రావచ్చు. సాన్నిధ్యం కోసం ఆరాటం మాత్రం రెండోదానిలోనే తీవ్రంగా ఉంది. రచనలో దేవుని పేరు ఎన్నిసార్లు వచ్చిందన్నది దగ్గరితనానికి కొలత కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

7.6 ఒకే చాప మీద – హైదరాబాదు ఉదాహరణ

మూడో ప్రశ్నకు వద్దాం. దీనికి హైదరాబాదు నగరంలోనే ఒక ఉదాహరణ ఉంది. భక్తసింగ్ (1903–2000) పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టాడు. కెనడాలో చదువుకునే రోజుల్లో క్రైస్తవుడయ్యాడు. 1941లో మద్రాసులో ప్రారంభించిన సహవాసానికి ‘యెహోవా షమ్మా’ అని పేరు పెట్టాడు. యెహెజ్కేలు గ్రంథం చివరలో ఒక నగరానికి వచ్చే పేరు అది. యెహోవా అక్కడ ఉన్నాడని దాని అర్థం. తరువాత హైదరాబాదు ముషీరాబాదులో, గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర ‘హెబ్రోను’ ఏర్పడింది. హెబ్రీ భాషలో ఆ పేరును స్నేహం, సహవాసం అనే అర్థమున్న ధాతువుతో ముడిపెడతారు. రెండు పేర్లూ సాన్నిధ్యాన్ని చెప్పేవే. మొదటిది దేవుడు ఉన్నాడని చెబుతుంది, రెండోది కలిసి ఉన్నాడని చెబుతుంది.

ఏ నిర్ణయమైనా మోకాళ్ల మీద ప్రార్థించిన తరువాతే తీసుకోవడం భక్తసింగ్ పద్ధతి. మన మూడో ప్రశ్నకు మాత్రం అంతకన్నా ముఖ్యమైనది అక్కడి ప్రేమవిందు. దీర్ఘమైన ఆదివారపు ఆరాధనలో అందరూ నేలమీద చాపలపై కూర్చునేవారు. తరువాత కలిసి భోజనం చేసేవారు. పక్కన కూర్చున్నది ఎవరు, ఏ కులం అన్న ప్రశ్నకు కులం పాతుకుపోయిన సమాజంలో ఎంత బరువుందో మీకు తెలుసు. దేవునితో సహవాసమనే మాటకు విస్తరి పక్కన విస్తరి వేయడం ఒక వ్యాఖ్యానం. యోహాను రాసిన మొదటి పత్రిక కూడా దేవునితో సంబంధాన్నీ సహోదరునితో సంబంధాన్నీ విడదీయనివ్వదు.

ఈ దృష్టితో నేటి పాటలను వినండి. అమీర్‌పేట హాస్టల్ గదిలో ఒక విద్యార్థి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆరాధన గీతం వింటున్నాడనుకోండి. పాట మధురంగా ఉండవచ్చు. దానిలో ‘నేను’ ఎన్నిసార్లు, ‘నీవు’ ఎన్నిసార్లు, ‘మేము’ ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కపెట్టండి. నా కన్నీరు, నా ఆశీర్వాదం, నా విజయం అని సాగిపోయే పాటలో దేవుడు క్రమంగా ఆ విజయానికి సాధనంగా మారిపోయే ప్రమాదం ఉంది. ఒంటరి గదిలో ఉద్యోగం కోసం ఎదురుచూసే విద్యార్థికి అలాంటి పాట ఓదార్పునివ్వదని అనడం లేదు. ఆ ఓదార్పు పక్క మంచంలో జ్వరంతో పడుకున్న తోటి విద్యార్థిని చూసేలా చేస్తుందా లేదా అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. పాత కీర్తన పల్లవిని నలుగురు కలిసి అందుకోవలసి వచ్చేది. ఇయర్‌ఫోన్‌లో ఆ అవసరం లేదు. రూపం మారితే భక్తి కూడా కొంత మారుతుంది.

7.7 సారాంశం

దైవసాన్నిధ్యం అన్న వస్తువును తీసుకున్న రచనలు ఒక్కొక్కటి ఒక్కో వైపు బలంగా ఉన్నాయి. చౌదరి కీర్తన రూపం ‘ఎల్లప్పుడూ’ అనే మాటను సాధ్యం చేసింది. చెదిరిన మనసు తిరిగి రావడానికి పల్లవి దారి చూపింది. ఆ తిరిగి రావడాన్ని లారెన్స్ పని గంటలోకి తెచ్చాడు. జాషువ ఫిర్యాదును చేర్చి హృదయాన్ని పూర్తిచేశాడు. హెబ్రోను ప్రేమవిందు దేవునితో దగ్గరితనాన్ని పక్క మనిషి దగ్గరకు తెచ్చింది. ఈ నాలుగింటిలో దేనికదే చాలదు.

పంజాగుట్ట ఆసుపత్రిలో ఉదయం డ్యూటీ దిగే నర్సుకు రాత్రంతా దేవుని సన్నిధిలోనే ఉన్నట్టు అనిపించకపోవచ్చు. మన పరిశీలన ప్రకారం అనుభూతి ఒక్కటే దానికి కొలత కాదు. ఆమె ఎన్నిసార్లు తిరిగి వచ్చింది, అలసటను దాచకుండా చెప్పుకుందా, పిలిచిన రోగి మంచం దగ్గరికి వెళ్లిందా అన్నవి కూడా కొలతలే. ఆమె పాడుకునే పాట ఈ మూడింటికీ చోటిస్తే అది మంచి భక్తిరచన.

7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సామీప్యానికీ సాయుజ్యానికీ తేడా ఏమిటి? క్రైస్తవ భావన దేనికి దగ్గరగా ఉంటుంది?
2. కీర్తనలో పల్లవి తిరిగి రావడం ఎడతెగని భక్తికి ఎలా తోడ్పడుతుంది?
3. ‘యెహోవా షమ్మా’, ‘హెబ్రోను’ అనే పేర్ల అర్థాలను వివరించండి.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. తెలుగు క్రైస్తవ కీర్తన రామదాసు సంప్రదాయం నుంచి ఏమి స్వీకరించింది, ఏమి వదిలింది? చర్చించండి.
2. ‘గబ్బిలం’ కావ్యంలో దేవునికీ మనిషికీ మధ్య దూరాన్ని కల్పించినది ఎవరు? ‘క్రీస్తు చరిత్ర’తో పోల్చి రాయండి.
3. మీ ప్రాంతంలో పాడే ఒక భక్తిగీతాన్ని, అది ఏ మతానికి చెందినదైనా సరే, ఎంచుకుని 7.1లోని మూడు ప్రశ్నల ఆధారంగా విమర్శించండి. మీ తీర్పుకు పాటలోని మాటలనే ఆధారంగా చూపండి.